నందికొండ క్రింది ద్రాక్షతోటలు



నేటి నా ప్రసంగవిషయము విని మా పూడూరి పెద్దలు కొందఱు నొసలు ముడుతురని నేనెఱుగుదును. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు బాలవ్యాకరణమును ఛందస్సును చెప్పిన ముసలి పంతులు ద్రాక్షమద్యము చేయు చోట్లు చూడబోయినాడట; చూచినది చాలక రేడియోలో చెప్పుచున్నాడట యని రచ్చబండకడ ననుకొందురు. అనుకొందురుగాక. చూచినది చూచినట్లు చెప్పెదను. విన్నపిమ్మట నాతో వాదింపదలచినవారికి మా యింటి యరుగు తెలియనిది కాదు.

ముందుగా నొక మాట. 'వైన్సు' అని పెద్దయక్షరములతో పలకగట్టిన దుకాణము లేని కూడలి మన ప్రాంతమున నరుదు. మన్నెగూడనుండి పరిగి పోవువాడు వానిని లెక్కించుకొనుచు పోవచ్చును. కాని యా దుకాణములలో వైను అడుగువాడు నూటికొక్కడు కూడ నుండడు. అందమ్ముడుపోవునది విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. వైను అనగా ద్రాక్షరసము పులిసి యేర్పడు పానీయము. దానిని బట్టీపెట్టి దించరు. పేరు దానిది, బేరము వేఱొకదానిది.

ద్రాక్ష మనకు క్రొత్త కాదు. అమరకోశము వల్లించినవారికి మృద్వీక, గోస్తని యను పేళ్ళు జ్ఞప్తిలో నుండును. ఆవు చన్నువలె కోలగా నుండు పండు గావున గోస్తని యైనది. కౌటిల్యుని యర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణము కలదు. అందు ద్రాక్షరసముతో నైన మద్యమునకు మధువని పేరు. పుట్టిన దేశమునుబట్టి దానిని కాపిశాయనమనియు హారహూరకమనియు వాడుదురని యున్నది. కపిశ యనునది నేటి యఫ్గనిస్థానములోనిది. ఇక్కడివారు దానిని చేసిరో లేదో గాని, తెప్పించుకొనిరనుటకు సాక్ష్యమున్నది. సుమారు రెండువేల యేండ్లనాటి గ్రీకు నావికుడొకడు వ్రాసిన యెఱ్ఱసముద్రపు యాత్రాగ్రంథమున, భరుకచ్ఛపు రేవునకు దిగు సరకులలో ఇటలీదేశపు ద్రాక్షమద్యము మొదటిదిగా చెప్పబడినది. ఆ రేవునకు సరకు పంపు పట్టణములలో శాతవాహనుల పైఠానొకటి.

మన హైదరాబాదు చుట్టుప్రక్కల ద్రాక్ష వచ్చిన చరిత్ర యింకను దగ్గఱిది. 1890 లో అబ్దుల్ బాకర్ ఖాన్ అను నాయన హైదరాబాదున 'అనాబె షాహి' యను రకమును నాటించెను. రాజద్రాక్ష యని దాని యర్థము. లేత పసుపువన్నె, బొటనవ్రేలంత పండు. శంషాబాదు దరిని మా మేనమామకు మూడెకరముల పందిరి యుండెడిది. రాతికూసములు పాతి, ఇనుపతీగెలు అల్లి, తీగెను పైకి ప్రాకించెడివారు. మాఘఫాల్గుణములలో నేనచ్చటికి పోయినచో పందిరిక్రింద నిలుచుండి తలయెత్తిన చాలు, గుత్తి ముక్కునకు తగిలెడిది. మామ ప్రతి వారమును తీగెమీద బోర్డో మిశ్రమము చల్లించెడివాడు. పండు కడుగక తిన్న నా పెదవులు నీలిపచ్చగా మాఱగా, మా యత్త కొట్టబోయెడిది.

బోర్డో మిశ్రమమన్న మాట మన రైతు లందఱెఱుగుదురు. మైలుతుత్తమును సున్నమును నీళ్ళలో కలిపిన మందు. ఆ బోర్డో యేమో యెవరైన నడిగితిరా? అది ఫ్రాన్సుదేశమున వైనుకు ప్రసిద్ధి చెందిన నగరము. అచ్చటి తోటలవారు బాటసారులు పండ్లు కోసికొని పోకుండుటకై దారిప్రక్క తీగెలకు మాత్రము తుత్తమును సున్నమును పూసెడివారట, విషమని భయపడుదురని. బూజుతెగులు వచ్చిన యేట తోట యంతయు మాడిపోగా దారిప్రక్క తీగెలు పచ్చగా నిలిచెను. మిల్లార్దే యను శాస్త్రవేత్త దానిని గమనించి 1885 లో లోకమునకు చెప్పెను. దొంగలకొఱకు పూసిన పూత తెగులునకు మందైనది. మన యూళ్ళలో టమాటకు చల్లినను, తమలపాకునకు చల్లినను, దాని పుట్టిల్లు ద్రాక్షతోటయే.

మా మామ తోట నేడు లేదు. పట్నము పెరిగెను. 2008 లో శంషాబాదున విమానాశ్రయము తెఱచునాటికి ఆ ప్రాంతపు భూమి ధరముందు ఏ పంటయు నిలువలేదు. అమ్మినవారిని నేను తప్పుపట్టను. కూతుండ్ర పెండ్లిండ్లు చేయవలసినవాడు మా మామ. ఆ రాతికూసములలో కొన్ని యిండ్లస్థలములకు హద్దురాళ్ళుగా నిలిచియున్నవి. వానిమీద నీలిపచ్చని మరకలు ఇంకను పోలేదు.

ఇక నా యాత్ర. మా అమ్మాయిని బెంగుళూరి వైపు ఇచ్చితిమి. మా వియ్యంకులది చిక్కబళ్ళాపురము చెంత పల్లె. ఆ జిల్లాలో రైతుకుటుంబములు పెక్కు తెలుగే మాటలాడును. కన్నడము బడిలోను కచ్చేరిలోను, తెలుగు పొలములోను వంటయింటిలోను. వియ్యంకులవారికి నాలుగెకరముల ద్రాక్ష కలదు. రెండేండ్ల క్రిందట మాఘమాసమున మనుమరాలి చెవులు కుట్టించు వేడుకకు పోగా ఆయన, 'బావగారూ, మా తోట చూచితిరి. మా లోయలో వైను చేయుచోట్లు కూడ చూడరాదా? త్రాగుమని నేననను' అనెను. నాలుగు దినము లుంటిని.

నందికొండ నాలుగువేల యెనిమిదివందల యడుగుల పైచిలుకు యెత్తు. పెన్న పుట్టునది ఆ కొండలయందే. మా యనంతగిరిలో మూసీ పుట్టుచోటు చూచి పెరిగినవాడను గావున నది పుట్టుకలమీద నాకు మక్కువ. కొండ క్రింది నేలలు కూడ మూడువేల యడుగుల మట్టున నుండుటచేత పగటి యెండ మనదే గాని రాత్రి చలి మనది కాదు. పగలు తీపి పట్టుటకు ఎండ, రాత్రి పులుపు నిలుచుటకు చలి. ఈ రెండును కావలెనట. అచ్చట పూర్వమునుండి పండునది 'బెంగుళూరు బ్లూ' అను నల్లద్రాక్ష. దానికి 2013 లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. చేతితో నలిపినచో అత్తరువలె వాసన వేయును. గింజ పెద్దది, తోలు మందము, తియ్యదనముతోపాటు పులుపు.

పరదేశపు వైనుద్రాక్షలను ఆ నేలలో పెట్టించి పేరు తెచ్చినది కన్వల్ గ్రోవర్ అను వర్తకుడు. ఫ్రాన్సుతో వ్యాపారపు రాకపోకలు కలవాడు. షాంపేను సీమనుండి జార్జి వెస్సెల్ అను నిపుణుని పిలిపించి, నేలలు పరీక్షింపజేసి, 1988 లో దొడ్డబళ్ళాపురము చెంత సంస్థ నెలకొల్పెను. కెబర్నే సావిన్యో, షిరాజ్, వియోనియే మొదలగు రకములు పెట్టిరి. షిరాజ్ అనగానే పారసీక దేశపు నగరమునుండి వచ్చినదని నేను వ్యుత్పత్తి చెప్పబోతిని. కాదట, దాని తల్లిదండ్రులు రెండును ఫ్రాన్సుదేశపు తీగెలేనని శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చిరి. పేరునుబట్టి ఊరు చెప్పు పండితులకు ఇట్టి భంగపాటులు తప్పవు.

మొదటి దినము తెల్లవాఱకమునుపే తోటకు పోతిమి. నుదుట దీపములు కట్టుకొని స్త్రీలు గుత్తులు కోయుచుండిరి. ఎండ యెక్కిన పిమ్మట కోసిన పండు వెచ్చబడి దారిలోనే పులియ నారంభించునట. అందుకే పెద్దగంపలు వాడరు. చిన్న పెట్టెలలో పలుచగా పేర్తురు. నేనొక పండు నోట వేసికొంటిని. మా మామ పందిరి పండులో సగము కూడ లేదు. తోలు నమలి నమలి వగరెక్కినది. గింజలు పండ్లక్రింద పటపటలాడినవి. తినుటకు పనికిరాని యీ పండునకా యింత గౌరవ మనుకొంటిని. కాని రంగును వగరును తోలులోనే యుండునట. పండు చిన్నదైనకొలది రసమునకు తోలు పాలు ఎక్కువ. తీపియు తక్కువది కాదు. మనము తిను ద్రాక్షలో నూటికి పదునాఱు పదునెనిమిది పాళ్ళు చక్కెర యున్నచో, ఇందు ఇరువదిరెండు ఇరువదినాలుగు పాళ్ళు.

రెండవ దినము చూచినది ఒక చిన్న కర్మాగారము. అచ్చట రసాయనశాస్త్రము చదివిన యొక యమ్మాయి మాకు తిరిగి చూపించెను. అనంతపురము వైపు పిల్ల. నన్ను తాతగారూ యని పిలిచెను. గుత్తులనుండి కాడలు వేఱుచేయు యంత్రము, పండు చిదుపు యంత్రము, ఆ తరువాత రెండు నిలువులెత్తు ఉక్కుతొట్లు. తెల్లవైనుకు రసము పిండి తోలు పాఱవేయుదురు. ఎఱ్ఱవైనుకు తోలుతో సహా పులియనిత్తురు. లేనిచో రంగు రాదు. నల్లద్రాక్ష రసము కూడ లోపల తెల్లనిదేనని నేనప్పుడు గాని కనుగొనలేదు. తెల్లది పులియు తొట్టి చుట్టును చల్లనినీరు ప్రవహించును. చల్లగా, మెల్లగా పులిసిననే వాసన నిలుచునట.

పులియుట యేమో మన యింట ఇడ్లిపిండి చూచినవారికి చెప్పనక్కఱలేదు. కంటికి కానరాని ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను తిని, సుమారు సగమును మద్యసారముగను మిగిలినదానిని బొగ్గుపులుసు వాయువుగను మార్చును. ఆ జీవి చేయు పనియే యిదియని ఫ్రాన్సుదేశపు పాస్తరు నిరూపించువఱకు లోకమునకు తెలియదు. తొట్టి మూతకడ అమ్మాయి నన్ను వెనుకకు లాగి, 'తాతగారూ, వంగకండి. ఆ వాయువు బరువైనది, క్రింద నిలిచియుండును. పీల్చిన మనిషి పడిపోవును' అనెను. నాకు మా యూరి జొన్నపాతర జ్ఞప్తికి వచ్చెను. పాతర తెఱచిన వెంటనే మనిషిని దింపక ముందు దీపము దింపెడివారము. దీపమాఱినచో ఆ దినము దిగరాదు. అదియు నీ వాయువే. ఆ సంగతి చెప్పగా అమ్మాయి తన చేతిపుస్తకమున వ్రాసికొన్నది. ముప్పదియేండ్లు పాఠము చెప్పిన నాకు, నా మాట యొకరు వ్రాసికొనగా చూచి చాలకాలమైనది.

ఆ పిమ్మట నేలమాళిగ. ఫ్రాన్సునుండి తెచ్చిన ఓకుకఱ్ఱ పీపాలు వరుసలుగా పేర్చియున్నవి. ఒక్కొక్కదానిలో 225 లీటర్లు పట్టును. ప్రతి పీపామీదను సుద్దతో వ్రాసియున్నది: ఏ తోటలోని ఏ మడి, ఏ తేదీని కోసినది, ఏనాడు పీపాలో పోసినది, ఎన్నిమాఱులు పరీక్షించినది. ఒక పీపాకడ అమ్మాయి ఆగి, 'ఇది పాడైనది, పాఱబోయవలెను' అనెను. అంతయునా యంటిని. అంతయు ననెను. ఈ పీపా మాట జ్ఞప్తిలో నుంచుకొనుడు.

ఇక రుచి చూచు ఘట్టము. పొడుగుకాడ గాజుపాత్రలు నాలుగు ఎదుట పెట్టిరి. ప్రక్కనొక లోహపు పాత్ర పెట్టిరి. అదేమన, ఉమియుటకట! రుచి చూచువాడు మ్రింగరాదు. ముందు రంగు చూడవలెను, పాత్రను త్రిప్పి వాసన చూడవలెను, గ్రుక్కెడు నోటబట్టి నాలుక యన్నిమూలలకు పోనిచ్చి ఉమిసివేయవలెను. మ్రింగిన మూడవపాత్రకే విచక్షణ పోవును, విచక్షణ పోయినవాడు రుచి చెప్పలేడు. ఇది విని నేను నిజముగా నాశ్చర్యపడితిని. మద్యమును వృత్తిగా గలవారు మద్యము మ్రింగకుండుట నియమముగా పెట్టుకొనిరి!

నేను నోటబెట్టలేదు. మా తండ్రిగారికిచ్చిన మాట యది. వాసన మాత్రము చూచితిని. మనుస్మృతి ప్రకారము మద్యము వాసన చూచుటయు దోషమే. ఆ దోషమును వేలమంది యెదుట ఒప్పుకొనుచున్నాను గనుక కొంతైన తఱుగునని యాశ. తెల్లదానిలో జామకాయ, పచ్చిగడ్డి. ఎఱ్ఱదానిలో నేరేడు, మిరియము, తడిసిన కఱ్ఱ. వియ్యంకులవారు నోటబట్టి రుచి చెప్పలేక తడుముకొనుచుండగా, నేను షడ్రసములు ఒక్కొక్కటిగా నడిగితిని. మధురమున్నదా? లేదు, చక్కెర యంతయు పులిసిపోయినది. ఆమ్లము? ఉన్నది. లవణము? లేదు. తిక్తము? చివర కొంచెము. కటువు? గొంతులో వెచ్చదనము. కషాయము? 'అదే బావగారూ, అదే! కరక్కాయ బుగ్గనబెట్టినట్లున్నది' అనెను. అమ్మాయి నవ్వి, తాము టానిన్లు అనునది ఆ వగరునే యనెను.

నేను గొప్పగా, 'అమ్మా, నేనీ వస్తువు జన్మలో ముట్టలేదు' అంటిని. ఆమె నా సంచివైపు చూచెను. అందు నా ద్రాక్షారిష్టపు సీసా యున్నది. జీర్ణశక్తికై వైద్యుడిచ్చినది, భోజనానంతరము రెండు చెంచాలు. 'తాతగారూ, దానిమీది కాగితము చదివితిరా?' అనెను. అద్దములు పెట్టుకొని చదివితిని. తనలో పుట్టిన మద్యసారము నూటికి అయిదునుండి పదిపాళ్ళు. ద్రాక్ష, బెల్లము, ధాతకీపుష్పములు, పులియుట, అంతయు నొక్కటే. వియ్యంకులవారు పెద్దమనిషి గనుక నవ్వలేదు, మీసము సవరించుకొనిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సీసా సంగతికి కాదు. పాఱబోయవలసిన ఆ పీపా కన్నులలో మెదలినది.

నాకొక శిష్యుడుండెడివాడు. పేరు చెప్పను, వాని యిల్లాలు ఈ ప్రసంగము వినుచుండవచ్చును. ఎనిమిదవ తరగతిలోనే ఉత్పలమాలకు గణములు తప్పక కట్టినవాడు. చదువు సాగలేదు, కూలిపనికి పోయెను. సాయంకాలము రెండు సీసాల కల్లు. కల్లే గదా, చెట్టుపాలే గదా యని నేనును ఉపేక్షించితిని. ఒకనాడు కల్లు దొఱకక మెడ వంకరపోయి, మాట తడబడి, వడవడ వణకుచుండగా చూచితిని. అది కల్లు లేనందున వచ్చిన జబ్బు కాదు, అందు కలిపిన మందు లేనందున వచ్చినదని వైద్యుడు చెప్పెను. మూడేండ్ల కిందట పోయినాడు. నలుబదియేండ్లు నిండలేదు. వాడు త్రాగినది ఏ చెట్టుదో, ఎవరు గీచినదో, అందేమి కలిపిరో నేటికిని చెప్పగలవారు లేరు.

కల్లు ద్రాక్షరసమువలె నిలువ యుండునది కాదు. ఈతకల్లు గాని తాటికల్లు గాని కుండలో పడినది మొదలు పులియుచునే యుండును. మఱునాటికి పుల్లనై నోటబెట్టరాదు. కావున చెట్టున్నచోటనే, గీచిననాడే చెల్లవలెను. చెట్లు తఱిగి త్రాగువారు పెరిగినపుడు ఏమగును? నీళ్ళు, శాకరిన్, మత్తునకు క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, అల్ప్రజోలాము. 2015 లో తనిఖీలవలన ఆ మందులు కఱవగా నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో వందలమంది ఆసుపత్రుల పాలైరి. 2021 జనవరిలో మన వికారాబాదు, నవాబుపేట మండలముల పల్లెలలోనే నూరుమందికి పైగా కల్తీకల్లుచేత పడకబట్టిరి. మోకుకట్టి చెట్టెక్కు గీతకార్మికునికి ఇందు పాపము లేదు. వాడును నేడు తన చెట్టుకల్లు చెల్లక బాధపడువాడే.

వైను త్రాగుడని చెప్పుటకు నేనిచ్చటికి రాలేదు. పెన్న పుట్టుచోట వైను చేయుదురంటిని. ఆ పెన్నయే సముద్రము చేరు నెల్లూరి జిల్లాలో, దూబగుంట యను పల్లెయందు, 1992 లో అక్షరములు నేర్చుకొన్న యాడువారు సారాకు ఎదురు తిరిగిరి. 1993 అక్టోబరున సారా నిషేధమును, 1995 లో సంపూర్ణ మద్యనిషేధమును అందుండియే వచ్చినవి. రెండవది రెండేండ్లే నిలిచి 1997 లో తొలగినది. ఆ యాడువారు ఏ మద్యము మంచిది, ఏది చెడ్డదని లెక్కచూడలేదు. ఇంటికి కూలిడబ్బు చేరుటలేదని చూచిరి. వారిమాట కాదనుటకు నాకు నోరు లేదు.

మా వియ్యంకులవారి లెక్క వేఱు. కర్ణాటకమువారు 2007 లో ద్రాక్షకును వైనుకును ప్రత్యేకముగా నొక విధానము చేసి, నందిలోయ, కృష్ణాలోయ యని సీమలు గుర్తించిరి. తినుద్రాక్ష ధర పడిపోయిన యేడు కర్మాగారమువారు కొనునది ఆయనకు ఊఱట. అయినను కొనువారు ఇద్దఱు ముగ్గురే యగుట నొక భయము. వారు వలదన్న యేడు పండునేమి చేయవలెను? ఇంట ఆయన భార్య ఆ డబ్బును దేవునిగదిలో పెట్టనీయదు, బీరువాలో పెట్టించును. ఆ సంగతిమీద వారిద్దఱికిని పదునైదేండ్లుగా వాదము తెగలేదు. నేను మధ్యవర్తిత్వమునకు ఒప్పుకొనలేదు.

కౌటిల్యుడు ఆ ప్రకరణమునందే, మద్యమును కొలతగా కొంచెము కొంచెము, నడవడి తెలిసినవారికే అమ్మవలెనని విధించెను. అమ్మువాడెవడో కొనువాడెవడో రాజునకు తెలిసియుండవలెనని కాబోలు. మన దుకాణములలో తెలియుచున్నది ధర యొక్కటే. ఆ చిన్న కర్మాగారమున పాడైన పీపా పాఱబోయుదురనుటకు వారికి మనకంటె ధర్మబుద్ధి యెక్కువని నేననుకొనను. ఆ పీపామీద తోటపేరు, తేదీ, చేసినవారి చేవ్రాలు నున్నవి, దాచుటకు వీలులేదు. నా శిష్యుని సీసామీద నేమియు లేదు.

బయలుదేఱునాడు వియ్యంకులవారు వేరు తొడిగిన బెంగుళూరు బ్లూ మొక్క యొకటి సంచిలోబెట్టి యిచ్చిరి. మా పెరటిబావి ప్రక్క నాటితిని. పందిరికి మా మామ తోటవి రెండు రాతికూసములు అడిగి తెచ్చుకొంటిని. ఆ స్థలము యజమాని, వీనిని మోయుటకు కూలి యెందుకు దండుగ, సిమెంటువి దొఱకవా యని నన్ను వింతగా చూచెను. ఈ యేడు తొలికాపు పదునొకండు గుత్తులు. అయిదింటిని చిలుకలు తినిపోయినవి. మిగిలినవానిలో నొకటి నా శిష్యుని యింటికి పంపితిని. వాని కొడుకు ఏడవ తరగతి, సాయంకాలము మా యరుగుమీదికి ఛందస్సు నేర్చుకొనుటకు వచ్చుచున్నాడు. పండు పుల్లగానున్నదని చెప్పినాడు.